వణికే బ్రేకు గీత

విన్నిపెగ్, జనవరి 8

మంచులో కూరుకుపోయిన మా వెర్నక్కకి,

నువ్వు పంపిన పొగబెట్టిన చేప అందింది. సగం మీ మరదలు మార్లిస్ దాచింది, ఆ దాచిన సగం నేను వెతికి తినేశాను. మీ సరస్సు మీద మంచు ఎంత మందం పట్టిందో నువ్వు రాయలేదు. ఇక్కడ ఈ పొద్దున మైనస్ ముప్ఫైరెండు. గుమ్మం దాటితే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోతున్నాయి. అయినా ఈ ఉత్తరం చలి గురించి కాదు. వారం వారం మీ టపా విమానం ఎక్కే ఉత్తరాల్లో ఇలాంటిది ఇంకొకటి ఉండదు. నా తల తిరిగిపోతోందక్కా. ఎవరికైనా చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. నవ్వొస్తే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

కింద నేలమాళిగ గదిలో నా రేసింగ్ సీటు ఉంది కదా. పోయిన వేసవిలో వచ్చినప్పుడు అందులో కూర్చుని, రెండో మలుపులోనే గోడని గుద్దేసి, "అరవైమూడేళ్ళొచ్చాయి, ఇదేం ఆటరా నీకు!" అన్నావే, అదే. అల్యూమినియం కమ్మీల చట్రం, దానికి బిగించిన పాత కారు సీటు, ముందు మూడు తెరలు, నిజమైన కారులాగే చేతుల్ని ఎదురు లాగే మోటారున్న స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు. ఇవన్నీ తీగలతో ఒక కంప్యూటరుకి తగిలించి ఉంటాయి. గురువారం గురువారం మా ముసలి జట్టు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్టులో రేసులు ఆడుతుంది. ఫిబ్రవరి ఏడు, శనివారం నాడు ఆరు గంటల పెద్ద రేసు. నేనూ రేజానూ ఒకే కారు, వంతులవారీగా నడపాలి. రేజాన్ నీకు గుర్తుండే ఉంటాడు. సెయింట్ బోనిఫేస్‌లో ఉంటాడు, ముప్ఫయ్యేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కిన మనిషి, నోరు ఒక్క క్షణం మూయడు.

డిసెంబరు నుంచీ నా సీటుకి ఏదో పట్టింది. మొదట స్టీరింగు. నేరుగా పోతూ పోతూ ఉండగా కంప్యూటరు "టుడుం" అంటుంది, స్టీరింగు చచ్చి ఊరుకుంటుంది, కారు పోయి గోడలో దూరుతుంది. చెవులకున్న హెడ్‌ఫోన్లలో రేజాన్ గోల. "ఒరేయ్ ఎల్డన్, మళ్ళీ గోడకి ముద్దు పెట్టావా? మార్లిస్‌కి చెప్పనా?" తీగ మార్చాను. తీగలు గుచ్చే పెట్టె మార్చాను. కంప్యూటరులో ఏవేవో సెట్టింగులు మార్చాను. ఇల్లు పీకి పందిరి వేశాననుకో. చివరికి కనిపెట్టింది మార్లిస్. నేను సీట్లో కాస్త కదిలి సర్దుకున్నప్పుడల్లా అలా అవుతోందని చెప్పింది. మేజోళ్ళు ఉన్నివి, కింద తివాచీ, గాలేమో ఎండు గాలి. లైటు స్విచ్చు ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడు, అదే చురుకు నా ఒంట్లోంచి చట్రంలోకి, చట్రంలోంచి తీగలోకి పోతోంది. రేజాన్ చెప్పినట్టు చట్రానికి ఒక రాగి తీగ కట్టి ఎర్తుకి కలిపాను. మేజోళ్ళు మార్చాను. గదిలో నీళ్ళ ఆవిరి వచ్చే యంత్రం పెట్టాను. స్టీరింగు లొంగింది.

హమ్మయ్య అనుకునేలోగా బ్రేకు మొదలుపెట్టింది. బ్రేకు ఎంత నొక్కానో తెర మీద ఒక ఎర్ర గీత చూపిస్తుంది. పెడలు కింద బరువు కొలిచే చిన్న ముక్క ఒకటి ఉంటుంది, కాటాలో ఉన్నట్టే. కాలు ఊరికే పెడలు మీద ఆనించి ఉంచితే గీత నిలకడగా ఉండాలి. నాది ఉండడం లేదు. వణుకుతోంది. గరగరా, గజిబిజిగా. కాలు తీసేస్తే సున్నా దగ్గర బుద్ధిగా పడుకుంటుంది. కాలు పెడితే మళ్ళీ వణుకు. తీగలకి కరెంటు గోలని ఆపే నల్లటి ఫెరైటు పూసలు తొడిగాను. స్టీరింగు మోటారు కరెంటు తీగని పెడలు తీగకి దూరంగా జరిపాను. ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసి చూశాను. ఫ్రిజ్జు, వేడిగాలి ఫర్నేసు, దీపాలు, మార్లిస్ కుట్టుమిషను, అన్నీ. చీకట్లో, చలిలో, ఒక్క కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాను. అయినా వణుకే. మార్లిస్ పైనించి "ఏమయ్యా, నన్ను చంపి బీమా డబ్బులు తీసుకుందామనా?" అని అరుస్తోంది.

ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఎందుకుంటుందో తెలీదు, ఎందుకుండదో తెలీదు. బుర్ర పనిచేయడం లేదక్కా.

నీ తమ్ముడు,
ఎల్డన్

~

విన్నిపెగ్, జనవరి 15

అక్కా,

నీ జవాబు రాకముందే ఇంకోటి రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో ఒక మాట దాచాను. ఇది రాసి, చించి, మళ్ళీ రాస్తున్నాను. ఇది మూడోసారి.

మొన్న నా పాట్లన్నీ విని రేజాన్ అన్నాడు. "ఇంత గింజుకుంటావెందుకురా? కాలు తీసేస్తే గీత సున్నా దగ్గరుంటుంది. సున్నా కిందికి పోయే చోటు లేదు కాబట్టి అక్కడ తీగ వణికినా నీకు కనబడదు. అందుకని కాలు బదులు ఏదైనా బరువు పెట్టు. బస్తా పెట్టు. బస్తా పెట్టినా వణికితే తీగలో లోపం. వణకకపోతే నీ కాల్లో లోపం." అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, కంప్యూటరు ఆపేశాను.

నీళ్ళలో సున్నం తీసే యంత్రంలో పోసే ఉప్పు బస్తా, ఇరవై కిలోలది, సీటుకి మూడడుగుల దూరంలో గోడకి ఆనించి ఉంది. ఎత్తి పెడలు మీద పెట్టడానికి అర నిమిషం పట్టదు. వారం అయింది, పెట్టలేదు. తీగలు మారుస్తున్నాను, పూసలు తొడుగుతున్నాను, మళ్ళీ ఊడదీస్తున్నాను, ఆ బస్తా జోలికి మాత్రం పోను. మార్లిస్‌ని పిలిచి ఒక్కసారి కాలు పెట్టమన్నా తేలిపోతుంది. పిలవను.

నాన్న గుర్తొస్తున్నాడు. చలి ముదిరిన పొద్దుల్లో నాన్నకి ఆ వణుకు జబ్బు ఎక్కువయ్యేది, గుర్తుందా? కాఫీ కప్పు సాసరు మీద టకటకలాడేది. నా గీత కూడా అంతే అక్కా. మైనస్ ఎనిమిది, పది ఉన్న రోజున మామూలుగా ఉంటుంది. మైనస్ ఇరవైఐదు దాటితే వణుకు. గది వెచ్చగానే ఉంటుంది మరి, బయటి చలి నా కాలికెలా తెలుస్తుంది? ఏమో, ఎముకలకి తెలుస్తుందేమో. నాకేం తెలుసు!

ఇప్పుడు అసలు విషయం. నలభైనాలుగేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. ఆ అక్టోబరులో ట్రక్కు కాలవలో పడి నీ మోకాలు నుజ్జయినప్పుడు, "రోడ్డు మీద మంచు, జారింది" అన్నాడు నాన్న. వింక్లర్ ఊరంతా అదే నమ్మింది. మంచు కాదక్కా. అంతకు నెల ముందు పొలం దగ్గర గోధుమలు దింపుతున్నప్పుడు నేను ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాను. తలుపు తెరిచి ఉంది. బ్రేకు మీద నాన్న కాలు వణుకుతోంది. ఆపడానికి చేత్తో మోకాలిని అదిమి పట్టుకుంటున్నాడు. నన్ను చూసి "చలిరా" అన్నాడు. సెప్టెంబరు నెల, నేను చొక్కా లేకుండా పనిచేస్తున్నాను. ఆ రాత్రి అమ్మ నన్ను పక్కకి పిలిచి అడిగింది. "నాన్న కాలు నీకేమైనా తేడాగా కనిపించిందా?" లేదన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. నాన్న నన్ను చూసిన చూపు వల్లనో, ట్రక్కు ఆగిపోతే కోత ఆగిపోతుందనో. పందొమ్మిదేళ్ళ గాడిదని. నెల తిరిగేసరికి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నువ్వు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం చూసిన ప్రతిసారీ ఆ "లేదు" నా చెవిలో వినబడుతుంది.

అంత తెలిసినవాణ్ణి, ఇప్పుడేం చేస్తున్నానో కూడా చెప్తాను, తిట్టు. సిటీ బస్సు నుంచి రిటైరయ్యాక స్కూలు బస్సు నడుపుతున్నానని నీకు తెలుసు. పొద్దున ఇరవైమూడు మంది పిల్లలు, సాయంత్రం ఇరవైమూడు మంది. ఈ పొద్దున కూడా నడిపాను. ప్రతి స్టాపు దగ్గరా బ్రేకు నొక్కుతూ కాలి వంకే చూశాను. బూటు లోపల ఏం జరుగుతోందో బూటు పైకి కనబడదు. డిపోలో బస్సుల అజమాయిషీ చూసే డారియా "ఏంటి ఎల్డన్, దిగులుగా ఉన్నావ్?" అంది. "మేజోళ్ళు బిగుతు" అన్నాను. మళ్ళీ "లేదు" అన్నట్టే కదా అది.

తీగైతే బావుండు. దేవుడా, తీగ అయితే చాలు. మార్లిస్‌కి చెప్పలేదు. నీకే చెప్పాను.

ఎల్డన్

~

కెటిల్ సరస్సు, జనవరి 21

ఒరేయ్ ఎల్డన్,

నీ రెండు ఉత్తరాలూ ఒకే విమానంలో వచ్చాయి. మొదటిది చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. రెండోది చదివి పొయ్యిలో కట్టెలు వేయడం మర్చిపోయాను, ఇల్లు చల్లబడిపోయింది. విమానం నడిపేవాడు తిరుగు సంచీ కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గబగబా రాస్తున్నాను.

నువ్వొక్కడివే చూశావనుకుంటున్నావా? ఆ ట్రక్కులో నాన్న పక్కన కూర్చున్నది ఎవర్రా? జూలై నుంచీ ఆయనకి గేరు నేనే వేసేదాన్ని. ఆయన క్లచ్చు తొక్కి తల ఊపేవాడు, నేను గేరు మార్చేదాన్ని. చెయ్యి వణికి గేరు పడకపోతే సిగ్గుపడేవాడు, చూడలేక నేనే మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన అడగనైనా అడగలేదు. నేనే చెప్పలేదు. అమ్మ నన్ను కూడా అడిగింది. నేనూ లేదనే అన్నాను. నా మోకాలికి నువ్వు బాధ్యుడివైతే నేను నీకంటే పెద్ద బాధ్యురాలిని. ఇక దాన్ని నీ నెత్తి మీంచి దించెయ్. నాకు నా మోకాలితో ఏ గొడవా లేదు. వాన ఎప్పుడొస్తుందో చెప్తుంది, ఇంకేం కావాలి?

కానీ ఒకటి విను. నాన్న తప్పు కాలు వణకడం కాదు. తాళాలు జేబులో పెట్టుకోవడం. మన తప్పు అడక్కపోవడం. అందుకని నేను అడుగుతున్నాను. ఆ బస్తా పెట్టేదాకా బస్సు ముట్టుకోకు. వెన్నునొప్పి అను, పళ్ళనొప్పి అను, నీ ఇష్టం. ముట్టుకున్నావని తెలిసిందో, ఈ కుంటికాలితోనే విమానమెక్కి వచ్చి నీ వీపు విమానం మోత మోగిస్తాను.

బస్తా పెట్టరా సన్నాసీ. ఉప్పు బస్తాకి ఏ జబ్బూ రాదు. అది నిజమే చెప్తుంది.

వెర్నా

~

విన్నిపెగ్, జనవరి 28

మా బంగారు అక్కకి,

తీగే అక్కా! తీగే! నా కాలు కాదు! ఈ ముక్క ముందు చదివేసి, పొయ్యిలో కట్టెలు వేసుకుని, తీరిగ్గా తక్కినది చదువు.

నీ ఉత్తరం అందిన రోజునే డారియాకి వెన్నునొప్పని చెప్పాను. అయినా ఒక్కణ్ణే బస్తా పెట్టే ధైర్యం లేక రేజాన్‌ని ఇంటికి పిలిచాను. నిన్న మధ్యాహ్నం వచ్చాడు, మీటరూ పనిముట్ల పెట్టే చంకన పెట్టుకుని. బయట మైనస్ ఇరవైతొమ్మిది. మార్లిస్ పెట్టిన సాసేజీ, వరెనికి కుడుములు రెండు పళ్ళేలు లాగించి, "ఏదీ రోగి?" అంటూ కిందికి దిగాడు. నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. వాడికేం తెలుసు పాపం. బస్తా వాడే ఎత్తి పెడలు మీద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను.

"వణుకుతోంది" అన్నాడు.

కళ్ళు తెరిచాను. ఉప్పు బస్తా కింద ఎర్ర గీత గరగరా వణుకుతోంది. నేను ఏడ్చేశాను. రేజాన్ బిత్తరపోయాడు. "ఒరేయ్, తీగ పాడైతే ఏడుస్తారట్రా ఎవరైనా?" అన్నాడు. అప్పుడు వాడికి నాన్న సంగతి చెప్పాను. వాడు తల గోక్కున్నాడు, నా వీపు మీద ఒకటి చరిచాడు, ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకుండా అయిదు నిమిషాలు పని చేశాడు. రేజాన్ చరిత్రలో అదే రికార్డు.

ఫ్యూజు పెట్టె దగ్గర నిలబడి ఒక్కొక్క స్విచ్చే ఆపుతూ వచ్చాం. వంటగది ఆపితే వణుకే. పడకగది ఆపితే వణుకే. ఈ గదికి కరెంటొచ్చే స్విచ్చు ఒక్కటే ఆపలేం, ఆపితే కంప్యూటరు కూడా పోతుంది. రేజాన్ నేలకి చతికిలబడి "ఏం ఇల్లయ్యా ఇది, దయ్యాల కొంప" అంటున్నాడు. పైన మార్లిస్ మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగు ఆటకి బయల్దేరుతోంది. బూట్ల చప్పుడు, తలుపు చప్పుడు. ఉన్నట్టుండి గీత చదునైపోయింది. గీటు గీసినట్టు. మేమిద్దరం చెవులు రిక్కించాం. బయట కారు స్టార్టయిన చప్పుడు, గరాజు తలుపు మూసుకున్న చప్పుడు.

రేజాన్ నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను.

"కారు" అన్నాడు వాడు.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు! చలికి ఇంజను గడ్డకట్టకుండా దాన్ని వేడి చేసే తీగని గరాజులో ప్లగ్గుకి పెడతాం కదా, మార్లిస్ బయల్దేరుతూ పీకింది అదే. నలభయ్యేళ్ళుగా ఇంటికి రాగానే బూట్లు విప్పినంత మామూలుగా పెడుతున్నాను. ఇంట్లో ఉన్నవన్నీ ఆపెయ్యమంటే ఫ్రిజ్జు ఆపాను, ఫర్నేసు ఆపాను, పెళ్ళాన్ని చలిలో కూర్చోబెట్టాను. కారు నా లెక్కలోకే రాలేదు. కారు ఇంట్లో వస్తువేమిటి, వీధిలోది కదా! పైగా ఆ తీగ కాస్త చలికి పనిచేయదు, బాగా చలి పడితేనే తనంతట తాను కరెంటు లాగుతుంది. అందుకే చలి రోజునే వణుకు. నా ఎముకలకేం తెలిసింది కాదు, నా మొహం.

గరాజులోకి వెళ్ళి చూస్తే ప్లగ్గు మొహం నల్లగా మాడిపోయి ఉంది. లోపల నిప్పురవ్వలు ఎగురుతున్నాయిట, ఆ రవ్వల గోలంతా అదే లైను మీద కింద గదికి వచ్చి పెడలు తీగలో దూరుతోందిట. దానికి ఎర్తు కాడ లేదు. విరిగి ఉంది. "ఏ వెధవ విరిచాడ్రా దీన్ని?" అన్నాడు రేజాన్. ఆ వెధవని నేనే. పాత గరాజు సాకెట్టుకి రెండు కన్నాలే ఉండేవి, మూడో కాడ పట్టడం లేదని పట్టకారుతో పుటుక్కున తుంచేశాను, ఇరవయ్యేళ్ళ కిందట. ఇల్లు కాలిపోనందుకు సంతోషించమన్నాడు. సాకెట్టు మార్చాడు, తీగ కొత్తది తెచ్చుకున్నాం, గరాజుకి వేరే లైను లాగాడు. మార్లిస్ తిరిగొచ్చి కారుకి ప్లగ్గు పెట్టింది. బస్తా కింద గీత కదల్లేదు.

బస్తాని ముద్దు పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. సోమవారం నుంచి బస్సెక్కుతాను. నువ్వు రాసిన గేరు సంగతి చదివాక రెండు రోజులు ఆ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరిగానక్కా. మనిద్దరం ఒకే ఇంట్లో ఒకే మాట దాచుకుని తిరిగామన్నమాట. దాని గురించి వేసవిలో మాట్లాడుకుందాం.

గాల్లో తేలుతున్న
నీ ఎల్డన్

~

విన్నిపెగ్, ఫిబ్రవరి 9

వెర్నక్కా,

ముందు రేసు సంగతి. ముప్ఫయ్యొక్క కార్లలో పద్నాలుగో స్థానం. రేజాన్ ఒకసారి గోడకి గుద్దాడు, నేను ఒక్కసారి కూడా గుద్దలేదు. నా స్టీరింగు నా వంతంతా చెక్కుచెదరలేదు. ఇప్పుడు రెండో సంగతి. కూర్చుని చదువు.

రేసుకి మూడు రోజుల ముందు సాధన చేశాం. అయిపోయాక నా బ్రేకు గీత వెనక్కి తిప్పి చూస్తున్నాను. గొప్ప మురిపెంగా చూస్తున్నాననుకో, అంత శుభ్రంగా వచ్చింది. మలుపుల దగ్గర కొండలా లేచి దిగుతోంది. కానీ నేరుగా పోయే పొడుగు రోడ్డు మీద, కాలు ఊరికే పెడలు మీద ఆనించి ఉంచిన చోట, చిన్న అల ఉంది. ఇదివరకటి గరగర కాదు. గజిబిజి కాదు. మెత్తగా, సమంగా, ఒకదాని వెనక ఒకటి. ఇన్నాళ్ళూ ఆ గోల కింద ఇది ఉందేమో, కనబడలేదు. గోల పోయాక బయటపడింది.

రేజాన్ మళ్ళీ వచ్చాడు. బస్తా పెట్టాడు, చదును. తన కాలు పెట్టాడు, చదును. మార్లిస్‌ని పిలిచాడు, ఆవిడ "నాకెందుకయ్యా ఈ బొమ్మ కారు" అంటూనే పెట్టింది, చదును. నేను పెట్టాను. అల. వాడు తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"సెకనుకి ఐదుసార్లు" అన్నాడు. తెర మీంచి వేలు తీయకుండానే, "కరెంటు సెకనుకి అరవైసార్లు కొట్టుకుంటుందిరా. ఈ ఇంట్లో ఐదుసార్లు కొట్టుకునేది ఏదీ లేదు" అన్నాడు. నా వంక చూడలేదు.

గట్టిగా నొక్కమన్నాడు. గట్టిగా నొక్కితే అల పోయింది. వదులు చేస్తే వచ్చింది. మళ్ళీ నొక్కితే పోయింది. ఇదేం వింతక్కా? పని చేస్తున్నప్పుడు లేదు, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఉంది. జబ్బంటే పనికి అడ్డం రావాలి గానీ విశ్రాంతికి అడ్డం రావడమేమిటి? నాకేమీ అర్థం కాలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు, బస్తా రోజునే అయిపోయినట్టుంది.

మార్లిస్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆవిడకి అంతా చెప్పాను, నాన్న ట్రక్కుతో సహా. విని నెమ్మదిగా అంది, "పోయిన వేసవి నుంచీ చూస్తున్నాను. భోజనాల బల్ల కింద నీ కాలు కొట్టుకుంటూ ఉంటుంది. మనసులో ఏదో పాట పాడుకుంటున్నావనుకున్నాను. ఏం పాటో అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను." ఆ తర్వాత నా చెయ్యి వదల్లేదు. సాసేజీ మాడిపోయింది పైన.

నరాల డాక్టరు మార్చి మూడున చూస్తానన్నాడు. ఇది నాన్న జబ్బేనని ఎవరూ ఇంకా అనలేదు. కావచ్చు, కాకపోవచ్చు. రోజుకోలా అనుకుంటున్నాను. పొద్దున కాదనిపిస్తుంది, మధ్యాహ్నానికి అవుననిపిస్తుంది.

రేసు మానేస్తానన్నాను. రేజాన్ ఒప్పుకోలేదు. పెడలుకి ఒక సెట్టింగుందట. మొదటి కొంచెం కదలికని పట్టించుకోవద్దని చెప్పొచ్చు. "నీ కాలు ఏమన్నా వాగనీ, ఇది చెవిన పెట్టదు. గట్టిగా తొక్కినప్పుడే వింటుంది" అని మీట అటు తిప్పాడు. గీత చదునైపోయింది. అలా నా మూడు గంటలూ నడిపాను. బాగానే నడిపాను, అక్కా. నాన్న ఉంటే చూసి సంతోషించేవాడు.

ఆ సెట్టింగు బొమ్మ కారుకి ఉంది. స్కూలు బస్సుకి లేదు.

పోయిన సోమవారం నుంచీ మళ్ళీ బస్సు నడుపుతానని నీకు రాశాను కదా, తీగ దొరికిన సంతోషంలో. సోమ, మంగళ రెండు రోజులు నడిపాను. ఆ అల చూసిన బుధవారం నుంచి మళ్ళీ వెన్నునొప్పి చెప్పాను. ఈ పొద్దున డిపోకి వెళ్ళి తాళాలు డారియా బల్ల మీద పెట్టాను.

"ఏంటి, వెన్ను ఇంకా తగ్గలేదా?" అంది.

"వెన్నుకేం కాలేదు. కాలు వణుకుతోంది" అన్నాను.

ఆవిడ నా బూటు వంక చూసింది. "నాకేం కనబడ్డం లేదే. ఎవరు చెప్పారు నీకు?"

"ఉప్పు బస్తా" అన్నాను. నవ్వింది, తర్వాత నా మొహం చూసి నవ్వాపేసింది. డాక్టరు బాగుందంటే తాళాలు మళ్ళీ ఇస్తానంది. మంచి మనిషి. బయటికొచ్చి పార్కింగులో నిలబడ్డాను. నా బస్సు వేరేవాళ్ళు స్టార్టు చేస్తున్నారు. మార్లిస్ కారులో నా కోసం ఎదురు చూస్తోంది, స్టీరింగు వెనక. ఇంకనించి అటు కూర్చునేది ఆవిడే. నేను ఇటు ఎక్కాను. గేరు వెయ్యనా అని అడిగాను. "ఆటోమేటిక్ కదయ్యా" అంది.

నాన్న తాళాలు మనిద్దరం అడగలేదు. నా తాళాలు నువ్వు అడిగావు. అందుకే ఇవ్వగలిగానక్కా.

నీ తమ్ముడు,
ఎల్డన్